డయాలసిస్ లెక్క ఉంది, కాపాడిన కిడ్నీల లెక్కేది?

2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానం ఏడు మండలాల్లోని 807 గ్రామాలకు తాగునీరు ఇచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకాన్ని కూడా అదే రోజు ప్రారంభించారు. ఇవి ఏ ప్రభుత్వమూ దయతలచి ఇచ్చినవి కావు. రెండు దశాబ్దాలకు పైగా ఊరూరా పాడెలు మోసిన జనం అడగ్గా అడగ్గా వచ్చినవి. కాబట్టి వాటిని తక్కువ చేసి మాట్లాడాలని మేము అనుకోవడం లేదు.

అయితే ఆసుపత్రి కట్టిన తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. ఇది పనిచేస్తోందో లేదో దేన్నిబట్టి చెబుతాం? ప్రభుత్వాలు మారినా సభల్లో చెప్పే లెక్క మాత్రం మారదు. ఎన్ని కోట్లు ఖర్చుపెట్టాం, ఎన్ని పడకలు వేశాం, ఎన్నిసార్లు డయాలసిస్ చేశాం అనేదే ఆ లెక్క. డయాలసిస్ దాకా పోకుండా ఎంతమందిని ఆపాం, వాళ్లలో ఎస్సీ కాలనీల నుంచి ఎంతమంది ఉన్నారు అన్న లెక్క ఏ వేదిక మీదా వినపడదు. మొదటి లెక్క వైద్య వ్యవస్థ ఎంత పని చేసిందో చెబుతుంది. రెండోది మనిషికి ఏం మిగిలిందో చెబుతుంది.

ఈ రెండో లెక్కను కేంద్రంగా పెట్టుకున్న ఆలోచనను ప్రపంచ వైద్యరంగంలో విలువ ఆధారిత సమగ్ర వైద్యం అంటున్నారు. పేరు వింటే ఏదో కార్పొరేట్ భాషలా ఉంటుంది. కొంతవరకు నిజమే, అది పుట్టింది కూడా అక్కడే. కానీ దాన్ని మన కాలనీ గుమ్మం దగ్గర నిలబెట్టి చూస్తే దళిత ఉద్యమం చేతిలో అది ఒక మంచి కొలబద్ద అవుతుంది. ఎలాగో ఈ వ్యాసంలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ఉదాహరణలతోనే చెప్పే ప్రయత్నం చేస్తాం.

ఇంతకీ ఈ మాటకు అర్థం ఏమిటి?

2006లో మైఖేల్ పోర్టర్, ఎలిజబెత్ టీస్‌బర్గ్ అనే ఇద్దరు అమెరికా ఆచార్యులు ఒక పుస్తకంలో ఈ వాదన పెట్టారు. వాళ్లు చెప్పింది సూటిగా ఇదీ: వైద్యంలో విలువ అంటే రోగికి దక్కిన ఫలితాన్ని, దానికోసం పెట్టిన ఖర్చుతో పోల్చి చూడటం. ఎన్ని పరీక్షలు చేశారు, ఎన్ని ఆపరేషన్లు చేశారు అన్నది విలువ కాదు. మనిషి మళ్లీ పనికి వెళ్లగలిగాడా, నొప్పి తగ్గిందా, ఎంతకాలం బతికాడు, అప్పులపాలు కాకుండా బయటపడ్డాడా అన్నదే విలువ. ఆసుపత్రికి డబ్బు చెల్లించే పద్ధతి కూడా ఆ ఫలితంతోనే ముడిపడి ఉండాలన్నది దాని తర్వాతి మెట్టు.

సమగ్రం అన్న రెండో మాట కూడా అంతే ముఖ్యం. జబ్బు ఒకటే అయినా మన దగ్గర దానికి వైద్యం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆశా కార్యకర్త ఒకచోట, ఏఎన్‌ఎం ఒకచోట, పీహెచ్‌సీ ఇంకోచోట, జిల్లా ఆసుపత్రి మరోచోట. నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖవి, పింఛను సచివాలయానిది, డయాలసిస్ వేరే ఏజెన్సీది. ఎవరి రిజిస్టరు వారిదే. రోగి మాత్రం ఒక్కరే. ఈ ముక్కలన్నిటినీ ఒక్క దారంతో కట్టి, మొదటి నుంచి చివరిదాకా ఈ మనిషి బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు ఒక జవాబు ఉండేలా చేయడమే సమగ్ర వైద్యం.

ఉద్దానం ఏం చెబుతోంది?

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు కలిసిన తీరప్రాంతమే ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నేల. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఆ తోటల్ని కూల్చేసింది. కిడ్నీ జబ్బు అంతకు చాలా ఏళ్ల ముందునుంచే మనుషుల్ని కూలుస్తోంది. ఇక్కడి 67 గ్రామాల్లో జరిగిన సర్వేలు పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేల్చాయి. నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో ఒళ్లొంచే పని, తగినన్ని నీళ్లు తాగకపోవడం, వంశపారంపర్యం అంటూ ఎన్నో అనుమానాలు ఉన్నాయి. ఏ ఒక్కటీ అసలు కారణంగా రుజువు కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే వ్యవసాయ కూలీలను పట్టి పీడిస్తోంది.

ఈ జబ్బుకున్న రెండు గుణాలు తెలిస్తే తప్ప మన వాదన అర్థం కాదు. మొదటిది, ఇది చప్పుడు చేయదు. కిడ్నీ సగానికి పైగా పాడయ్యే దాకా మనిషి మామూలుగానే పనికి పోతుంటాడు. కాళ్లవాపు, ఆయాసం, వాంతులు వచ్చేసరికి ఐదు దశల్లో నాలుగోదో ఐదోదో అయి ఉంటుంది.

రెండోది, మామూలు వలకు ఇది చిక్కదు. మన ఆరోగ్య కేంద్రాల్లో 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ చూస్తారు. మిగతా చోట్ల కిడ్నీ జబ్బుకు ఎక్కువగా ఆ రెండే కారణాలు. కానీ ఉద్దానం రోగుల్లో చాలామందికి షుగర్ ఉండదు, ఎక్కువ బీపీ కూడా మొదట్లో కనపడకపోవచ్చు. మూత్రంలో పట్టీ ముంచి ప్రోటీన్ చూసే చౌక పరీక్ష కూడా ఇక్కడ మోసం చేస్తుంది. ఎందుకంటే ఈ రకం జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. రక్తంలో క్రియాటినిన్ చూసి, వయసును బట్టి కిడ్నీ వడపోత శక్తిని లెక్క కట్టాలి. అంటే దేశమంతటికీ ఒకే నమూనాలో తయారైన ఫారం నింపి "స్క్రీనింగ్ నూరు శాతం పూర్తి" అని రాసుకోవచ్చు, జబ్బును ఒక్కరిలోనూ పట్టకపోవచ్చు. పని లెక్కకూ ఫలితం లెక్కకూ తేడా ఇక్కడే కళ్లకు కడుతుంది.

దారం తెగే చోట్లు

ఉద్దానంలో ఒక ఎస్సీ కాలనీలో ఉండే నలభై ఏళ్ల కూలీ మహిళను ఊహించుకుందాం. జీడిపప్పు పరిశ్రమలో గింజ ఒలిచే పని కొన్నాళ్లు, పొలం పని కొన్నాళ్లు. ఒళ్లునొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షనో, మందుల షాపులో బిళ్లో తీసుకుంటుంది. డైక్లోఫినాక్ లాంటి ఆ నొప్పి మందులు బలహీనపడిన కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయన్న మాట ఆమెకు చెప్పినవాళ్లు లేరు. ఇది మొదటి తెగిన చోటు.

శిబిరం పెట్టినప్పుడు రక్తం ఇచ్చింది. ఫలితం వచ్చేసరికి శిబిరం ఎత్తేశారు. క్రియాటినిన్ ఎక్కువగా ఉందన్న కాగితం సచివాలయంలోనో ఎవరి ఫోన్‌లోనో ఉండిపోయింది. ఇది రెండోది. ఒకవేళ కాగితం చేతికి అందినా, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించమని గుర్తుచేసేవాళ్లు ఉండరు. ఈలోగా భర్తతో పాటు హైదరాబాద్‌కో చెన్నైకో వలస పోతుంది. అక్కడి ఆసుపత్రికి ఇక్కడి రిపోర్టు తెలియదు. ఇచ్ఛాపురం వైపు వాళ్లయితే దగ్గరని బరంపురం పోతారు. అది ఒడిశా, రికార్డు రాష్ట్రం దాటదు. ఇది మూడోది.

చివరికి ఆయాసంతో మంచాన పడితే గబగబా మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెడతారు. ముందే తెలిసి ఉంటే చేతిలో ఫిస్టులా అనే చిన్న ఆపరేషన్ చేసి, అది పనికొచ్చేదాకా కొన్ని వారాలు ఆగి, ఇన్ఫెక్షన్ భయం తక్కువగా డయాలసిస్ మొదలుపెట్టవచ్చు. హెపటైటిస్ బీ టీకా వేసి, రక్తహీనతకు మందు ఇచ్చి సిద్ధం చేయవచ్చు. ఇది నాలుగో తెగిన చోటు. ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. రానూపోనూ దారితో కలిపితే రోజు పోతుంది. తోడు వచ్చినవాళ్ల కూలీ కూడా పోతుంది. డయాలసిస్ ఉచితమే, కానీ ఆ ఇంటికి అది ఉచితం కాదు.

ఈ కథలో ఏ ఒక్క ఉద్యోగీ తన పని ఎగ్గొట్టలేదని గమనించండి. శిబిరం వాళ్లు శిబిరం పెట్టారు, ల్యాబ్ వాళ్లు పరీక్ష చేశారు, డయాలసిస్ కేంద్రం డయాలసిస్ చేసింది. అందరి రిజిస్టర్లూ నిండాయి. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు ఆమెను చేయిపట్టి దాటించే పని మాత్రం ఎవరి జాబ్ చార్టులోనూ లేదు.

డబ్బు ఏ చోట పడుతుందో వైద్యం ఆ చోటే పెరుగుతుంది

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని మొదట మూడు జిల్లాల్లో మొదలుపెట్టారు. అనంతపురం, మహబూబ్‌నగర్‌లతో పాటు మూడోది మన శ్రీకాకుళమే. పేదవాడు కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కగలిగిన రోజది. దాని విలువను మేము కాదనడం లేదు. కానీ దాని నిర్మాణం చూడండి. ఆపరేషన్‌కు ఇంత, డయాలసిస్‌కు ఇంత అని ప్యాకేజీ. జబ్బు ముదిరి ప్యాకేజీ దాకా వస్తేనే ఆసుపత్రికి డబ్బు. బీపీ అదుపులో పెట్టి, నొప్పిబిళ్లలు మాన్పించి, ఒక మనిషి కిడ్నీని పదేళ్లు నిలబెట్టిన నర్సుకు గానీ పీహెచ్‌సీకి గానీ ఆ ఖాతాలో పైసా లేదు. పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, మళ్లీ ఆరోగ్యశ్రీ అయింది, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. లోపలి సూత్రం మాత్రం మారలేదు. 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన కొత్త విధానంలో రెండున్నర లక్షల రూపాయల వరకు బీమా కంపెనీల ద్వారా, ఆపైన ట్రస్టు ద్వారా చెల్లింపు అన్నారు. బీమా కంపెనీ అయినా ట్రస్టు అయినా చెల్లించేది చేసిన చికిత్సకే, ఆపిన జబ్బుకు కాదు.

పింఛను కూడా అంతే. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను 2019లో సాధించుకున్నాం. డయాలసిస్‌కు ముందు దశ రోగులకూ పింఛను ఉంది, కానీ క్రియాటినిన్ 5 దాటాలి, వడపోత శక్తి 15 కంటే పడిపోవాలి. అంటే కిడ్నీలు దాదాపు పూర్తిగా పోయాకే సాయం మొదలవుతుంది. మూడో దశలో ఉన్న కూలీకి ఎండపని తగ్గించుకోమని డాక్టర్ చెబుతాడు. తగ్గించుకుంటే ఇల్లు గడిచేదెలాగో చెప్పే జీవో ఏదీ లేదు. ఆపగలిగిన దశలో చేయూత లేకపోవడం, ఆపలేని దశలో చేయూత ఇవ్వడం, ఇదీ ఇప్పటి పద్ధతి. పింఛను తీసేయమని మేము అనడం లేదు. దాన్ని ముందుకు జరపమంటున్నాం.

దీనికి మరో దారి ఉందా అంటే ఉంది. అమెరికాలో 2022లో మొదలైన ఒక ప్రభుత్వ నమూనాలో కిడ్నీ రోగిని డయాలసిస్ దాకా పోకుండా ఆలస్యం చేయగలిగిన వైద్య బృందాలకు అదనపు చెల్లింపు పెట్టారు. థాయ్‌లాండ్ 2008లో ఇంటి దగ్గరే కడుపులోకి ద్రవం ఎక్కించి చేసుకునే డయాలసిస్‌కు ప్రజా ఆరోగ్య పథకంలో మొదటి స్థానం ఇచ్చింది. దూరపు పల్లెల జనం వారానికి మూడుసార్లు పట్నం తిరిగే పని తప్పించడమే అందులో ప్రధాన ఆలోచన. వీటిని గుడ్డిగా దించుకోమని కాదు. చెల్లింపు పద్ధతి ప్రకృతి ధర్మమేమీ కాదని, మనుషులు రాసుకున్నదేనని, తిరగరాయవచ్చని చెప్పడానికే ఈ ఉదాహరణలు.

సగటులో దాక్కునే కులం

కిడ్నీ జబ్బు కులం చూడదు. ఉద్దానంలో రైతులూ, మత్స్యకారులూ, దళితులూ అందరూ దీని బారిన పడ్డారు. కానీ వైద్యం దాకా వేసే దారి కులం చూస్తుంది. భూమి ఉన్నవాడు ఎకరం అమ్మి విశాఖపట్నం పోతాడు. కూలీ అమ్మేదేముంది? 2006లో అచ్చయిన "గ్రామీణ భారతంలో అంటరానితనం" అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలను పరిశీలించింది. దాదాపు మూడో వంతు గ్రామాల్లో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు రావడానికి నిరాకరిస్తున్నారని అది తేల్చింది. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదిక ప్రకారం మన దేశంలో సగటు దళిత మహిళ ఆధిపత్య కులాల మహిళ కంటే 14.6 ఏళ్లు ముందే చనిపోతోంది. పద్నాలుగున్నర ఏళ్ల ఈ తేడా ఏ ఆసుపత్రి ప్రారంభోత్సవ శిలాఫలకం మీదా కనపడదు.

అందుకే ఫలితాన్ని కొలవడం ఒక్కటే చాలదు, ఎవరి ఫలితం అన్నది కూడా కొలవాలి. ఒక మండలంలో 100 మంది మూడో దశ రోగుల్లో 80 మంది నిలకడగా ఉన్నారనుకుందాం. సగటు బాగుంది, అధికారికి ప్రశంసాపత్రం వస్తుంది. చేజారిన ఆ 20 మందిలో 15 మంది రెండు ఎస్సీ కాలనీల వాళ్లే అయితే? సగటు అంకె ఆ మాట చెప్పదు. విడదీసి చూస్తేనే తెలుస్తుంది.

ఆ విడదీయడం కూడా ఎస్సీ అన్న ఒక్క గడితో ఆగిపోతే లాభం లేదు. 2025లో రాష్ట్రం ఎస్సీ వర్గీకరణను అమలు చేస్తూ రెల్లి, మాదిగ, మాల సముదాయాలను మూడు గ్రూపులు చేసింది. ఉత్తరాంధ్రలో రెల్లి కులస్తులు ఎక్కువగా బతికేది పారిశుధ్య పని మీదే. ఆసుపత్రి వార్డు ఊడ్చేది, రక్తం అంటిన గుడ్డలు ఎత్తేది ఎక్కువగా వీళ్లే, అదీ కాంట్రాక్టు మీద. వైద్య వ్యవస్థ లోపలే ఉంటూ వైద్యానికి దూరంగా ఉన్న ఈ మనుషుల క్రియాటినిన్ ఎంతో ఎవరు చూశారు? ఉద్యోగాలకు వర్గీకరణ లెక్క కావలసి వచ్చినట్టే, ఆరోగ్యానికీ ఆ లెక్క కావాలి.

కులం రాసుకోవడంలో ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఓపీ చీటీ మీద కులం రాస్తే అది వివక్షకు కొత్త పనిముట్టు అవుతుంది. చికిత్స చేసే చోట కులం కనపడకూడదు. లెక్క తీసే చోట మాత్రం, పేర్లు లేకుండా, గ్రామం వారీగా కాలనీ వారీగా కలిపిన అంకెలుగా కనపడాలి. ఈ రెండింటికీ తేడా పాటించకపోతే మేలు కోరి కీడు తెచ్చుకున్నట్టే.

చట్టం కూడా ఇక్కడ మన పక్షాన ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం ఎస్సీ, ఎస్టీలను ఆసుపత్రిలోకి, డిస్పెన్సరీలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి పోకుండా అడ్డుకోవడం నేరం. కుళాయి, బావి, చెరువు వాడుకోనివ్వకపోవడం కూడా అదే సెక్షన్ 3(1)(జెడ్ఏ) కిందికి వస్తుంది. నీళ్లూ వైద్యమూ ఒకే సెక్షన్‌లో పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికం కాదు. రెండూ మన బతుకు మీద కులం పెట్టిన కావళ్లే.

నీళ్లూ పనీ కూడా వైద్యమే

సమగ్రం అన్న మాటను ఆసుపత్రి గోడల దగ్గర ఆపేస్తే ఉద్దానానికి ఏమీ ఒరగదు. 700 కోట్ల నీటి పథకం విలువ పైపు పొడవులో లేదు. ఆ పైపు చివర ఉన్న కాలనీ కుళాయిలో వేసవి మధ్యాహ్నం నీళ్లు వస్తున్నాయా అన్నదాంట్లో ఉంది. పైపుకు ఊరి మొదట్లో ఎవరి ఇళ్లుంటాయో, చివర్లో ఎవరి ఇళ్లుంటాయో కొత్తగా చెప్పక్కర్లేదు. 1927లో మహద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ దోసిట పట్టిన ప్రశ్న ఇప్పుడు పైపు చివర నిలబడి ఉంది.

నీళ్ల శాఖ ఒకవైపు, ఆరోగ్య శాఖ ఒకవైపు ఉంటే ఏం జరుగుతుందో 2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్లలో చూశాం. అతిసారం ఊరిని చుట్టేసింది. నీటి కాలుష్యం మీద ఆరోపణలు వచ్చాయి, విచారణ వేశారు. ఎంతమంది చనిపోయారన్న అంకె మీదే వివాదం నడిచింది. ఫలానా మరణం అతిసారంతోనా, వేరే జబ్బుతోనా అన్న వాదన. నీటి పరీక్ష ఫలితం, ఓపీలో వాంతులు విరేచనాల కేసుల సంఖ్య ఒకే బల్ల మీదికి ప్రతి వారం వస్తుంటే ఇలాంటి ముప్పును మొదటి కేసుల దగ్గరే పసిగట్టే వీలుంటుంది. చావులను లెక్కపెట్టడం దగ్గరే మన వ్యవస్థలు తడబడుతుంటే, బతికించిన ప్రాణాల లెక్క అడగడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

పని సంగతీ అంతే. నికరాగ్వాలో చెరకు నరికే కూలీలకు వేళకు నీళ్లు, నీడ, విశ్రాంతి కల్పించిన చోట కిడ్నీలకు జరిగే నష్టం తగ్గినట్టు పరిశోధనలు చూపాయి. అక్కడ మందు అంటే ఒక గుడారం, ఒక నీళ్ల డబ్బా, కొన్ని నిమిషాల విరామం. ఉపాధి హామీ పని ప్రదేశంలో నీళ్లు, నీడ ఇవ్వాలని మన దగ్గరా నిబంధనలు ఉన్నాయి. ఉద్దానంలో ఆ నిబంధన అమలు కిడ్నీ వైద్యంలో భాగమే. దాన్ని పర్యవేక్షించాల్సింది ఎంపీడీవో ఒక్కరే కాదు, పీహెచ్‌సీ డాక్టర్ కూడా.

మన దగ్గరే ఒక నమూనా

ఇదంతా కాగితం మీది కబురు అనుకునేవారికి ఉద్దానం నుంచి పడమటి కొండల వైపు చూడమని చెబుతాం. కొండశిఖర గ్రామాల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చే దృశ్యాలు పేపర్లలో ఎన్నోసార్లు చూశాం. 2018లో, అప్పటికి విజయనగరం జిల్లాలో, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సాలూరులో గిరిశిఖర గర్భిణుల కోసం ఐటీడీఏ ఒక వసతి గృహం పెట్టింది. కాన్పు తేదీకి ముందే తల్లిని కిందికి తెచ్చి, అక్కడే ఉంచి, తిండి పెట్టి, పరీక్షలు చేసి, వేళకు ఆసుపత్రికి చేరుస్తారు.

ఇందులో కొత్త మందు గానీ కొత్త యంత్రం గానీ లేదు. ఉన్నదల్లా ముక్కలను కలపడమే. తిండి, పడక, పరీక్ష, వాహనం, ప్రసవం అన్నీ ఒకే బాధ్యత కిందికి వచ్చాయి. దాని విజయానికి కొలత కూడా సూటిగా ఉంటుంది: తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి చేరారా లేదా? రోడ్లు వేసే బాధ్యత నుంచి ప్రభుత్వాన్ని ఇది తప్పించదు. కానీ రోడ్డు వచ్చేదాకా ప్రాణం ఆగదు కదా. ఆదివాసీ తల్లి కోసం చేయగలిగిన ఈ ఏర్పాటు, ఉద్దానం కూలీ కిడ్నీ కోసం ఎందుకు చేయకూడదన్నదే మా ప్రశ్న.

దీనికి కావలసిన సామగ్రి చాలావరకు ఇప్పటికే ఉంది. ఊళ్లో విలేజ్ హెల్త్ క్లినిక్, అందులో నర్సింగ్ చదివిన సీహెచ్‌వో, ఆశా కార్యకర్త ఉన్నారు. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో పీహెచ్‌సీ డాక్టర్ 104 వాహనంతో ఊరికి రావాలన్న ఏర్పాటు చేశారు. పైన పలాస ఆసుపత్రి, శ్రీకాకుళం బోధనాసుపత్రి, 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. పూసలు ఉన్నాయి. లేనిది దారం.

జాగ్రత్త పడాల్సిన చోటు

ఫలితాన్ని బట్టి డబ్బు అన్న సూత్రంలో ఒక ఉచ్చు ఉంది. దాన్ని ముందే పట్టుకోవాల్సింది మనమే. ఫలితం బాగుంటేనే చెల్లింపు అంటే, ఫలితం బాగుండే రోగులనే ఎంచుకోవాలన్న బుద్ధి ఆసుపత్రికి పుడుతుంది. ఆలస్యంగా వచ్చే, రక్తహీనతతో ఉండే, వలస పోయే, ఫోన్ లేని మనిషి వాళ్ల అంకెల్ని పాడుచేస్తాడు. ఆ మనిషి ఎవరో మనకు తెలుసు. ఏదో ఒక సాకుతో పెద్దాసుపత్రికి పొమ్మని పంపించేస్తారు.

దీనికి విరుగుడు కొలతలోనే పెట్టాలి. కష్టమైన పరిస్థితుల్లో ఉన్న రోగిని నిలబెడితే ఎక్కువ చెల్లించాలి. తిప్పిపంపిన ప్రతి రోగినీ నమోదు చేయాలి. మొత్తం సగటు పెరిగినా కాలనీకీ ఊరికీ మధ్య తేడా తగ్గకపోతే ఆ బృందం గెలిచినట్టు కాదని నియమం ఉండాలి. సామాజిక న్యాయం అన్న షరతు లేకుండా వచ్చే విలువ ఆధారిత వైద్యం మనల్ని గడప బయట నిలబెట్టే కొత్త పద్ధతి మాత్రమే అవుతుంది. తప్పు జరిగితే ఆశా కార్యకర్త మీదికి, సీహెచ్‌వో మీదికి నెట్టేసే అలవాటు కూడా ఉంది. వాళ్లలోనూ చాలామంది మన ఆడపిల్లలే. బాధ్యత ఇచ్చేముందు వాళ్లకు పరీక్ష కిట్లు, మందులు, సరైన జీతం ఇవ్వాలి.

మనం అడగాల్సినవి

విద్యార్థులు, కార్యకర్తలు రేపటి నుంచే మొదలుపెట్టగల పని ఇది. 2005 సమాచార హక్కు చట్టం కింద, ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సమావేశాల్లో, గ్రామసభల్లో ఈ ప్రశ్నలు వేయండి:

1. మా పీహెచ్‌సీ పరిధిలో పెద్దవాళ్లందరికీ క్రియాటినిన్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు? ఎస్సీ కాలనీల్లో ఎంతమందికి చేశారు?

2. జబ్బు ఉందని తేలినవారిలో ఎంతమందికి ఫలితం చేతికి ఇచ్చారు? మూడు నెలల తర్వాత ఎంతమందిని మళ్లీ పరీక్షించారు?

3. మూడో దశలో ఉన్నవారిలో ఏడాది తర్వాత ఎంతమంది అదే దశలో నిలిచారు?

4. డయాలసిస్ మొదలైనవారిలో ముందుగా ఫిస్టులా వేసినవారెందరు, అత్యవసరంగా మెడ గొట్టంతో మొదలుపెట్టినవారెందరు?

5. బీపీ, రక్తహీనత మందులు గత ఏడాదిలో ఎన్ని రోజులు పీహెచ్‌సీలో లేకుండా పోయాయి?

6. కాలనీ చివరి కుళాయిలో నీటి నాణ్యత పరీక్ష ఎప్పుడు జరిగింది? ఆ ఫలితం పీహెచ్‌సీ డాక్టర్‌కు చేరిందా?

7. 2013 ఎస్సీ సబ్ ప్లాన్ చట్టాన్ని 2023లో మరో పదేళ్లు పొడిగించారు. ఆ నిధుల్లో ఆరోగ్యం పేరుతో చూపిన ఖర్చు ఏ కాలనీలో, ఏ మనిషికి, ఏ మేలు చేసింది?

8. ఆసుపత్రుల్లో పనిచేసే కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులకు ఏటా ఆరోగ్య పరీక్షలు చేస్తున్నారా?

ఈ ఎనిమిది ప్రశ్నల్లో దేనికైనా "మా దగ్గర ఆ సమాచారం లేదు" అని జవాబు వస్తే నిరుత్సాహపడకండి. ఆ జవాబే మొదటి సాక్ష్యం. లెక్క లేదంటే ఆ మనిషి ఎవరి బాధ్యతా కాదని అర్థం. ఆ కాగితాన్ని దాచుకుని తర్వాతి గ్రామసభకు తీసుకెళ్లండి. పక్క ఊరి జవాబుతో, పక్క మండలం జవాబుతో కలిపి చూడండి. ఒక్కో కాలనీలో ఎవరికి జబ్బుందో, ఎవరు డయాలసిస్‌కు పోతున్నారో, ఎవరు చనిపోయారో వాళ్ల అనుమతితో మనమే రాసుకోవడం మొదలుపెడితే, ప్రభుత్వం చెప్పే సగటును నిలదీయడానికి మన చేతిలో అంకె ఉంటుంది.

రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో అత్యవసర వైద్యం భాగమని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో తేల్చింది. రైలు నుంచి పడిపోయిన ఒక వ్యవసాయ కూలీని ఒక ఆసుపత్రి తర్వాత మరో ఆసుపత్రి తిప్పిపంపిన కేసు అది. ఉద్దానం కూలీని ఎవరూ ఒక్క రాత్రిలో అలా తిప్పిపంపడం లేదు. పదేళ్ల పాటు, ఒక్కో కాగితం దగ్గర, ఒక్కో కిటికీ దగ్గర, కొంచెం కొంచెంగా చేజార్చుకుంటున్నారు. హక్కు రెండు చోట్లా ఒక్కటే. డయాలసిస్ మంచం దగ్గర మొదలయ్యే లెక్కను కాలనీ గుమ్మం దగ్గరికి తెచ్చే పని మనది.